నాలుగు పేజీల సారాంశం

మేనేజరుకు ఒక్క వాక్యం దాటితే తలనొప్పి. ఎవరి ఉత్తరమైనా సరే, ఒకే ఒక్క వాక్యంలోకి కుదించి, చీటీ మీద రాసి, పైన గుచ్చి పెట్టాలి. మహానుభావుడు చీటీ చదువుతాడు, ఉత్తరం ముట్టుకోడు. ఆ కుదించే గుమాస్తాను ఆఫీసంతా కత్తెరమ్మ అంటారు.

ఆ ఉదయం మళ్ళీ డ్రైవర్ ఉత్తరం వచ్చింది. ఇది ఏడోది. నాలుగు పేజీలు, కిక్కిరిసిన అక్షరాలు.

ముప్పై ఏళ్ళు కంపెనీ లారీ నడిపాడట. బండికి చిన్న గీత కూడా పడనివ్వలేదట. బ్రేకు సరిగ్గా పడటం లేదని మూడుసార్లు కాగితం రాసిస్తే, చూద్దాంలే అన్నారట. ఒక వాన పొద్దున ఆ బ్రేకు అసలు పడనే లేదు. పక్కనున్న క్లీనరు కుర్రాడు చనిపోయాడు. కంపెనీ రికార్డులో ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అని రాసి చేతులు దులుపుకుంది. ఉద్యోగం వద్దు, ఆ మాట కొట్టేయండి చాలు, చచ్చేలోగా ఆ పిల్లాడి తల్లికి మొహం చూపించుకోవాలి అంటాడు.

కత్తెరమ్మ మొదట వానను తీసేసింది. తర్వాత ముప్పై ఏళ్ళు. క్లీనరు తల్లి దగ్గర పెన్ను ఆగింది. పోయినసారి ఆ తల్లిని ఉంచితే చీటీ రెండు వాక్యాలయింది, మేనేజరు చదవకుండానే తిప్పికొట్టాడు. ఈసారి ఆమెనూ తీసేసింది.

‘బ్రేకు లోపం ముందే తెలిపినందున, రికార్డులో నిర్లక్ష్యం అన్న మాట తొలగించమని మాజీ డ్రైవర్ మనవి.’

మేనేజరు మురిసిపోయాడు. “రాస్తే ఇలా రాయాలి. ఆ డ్రైవర్‌కి మీరే కాస్త నేర్పించకూడదూ?”

“ఒక్కసారి ఉత్తరం కూడా చూడండి సార్,” అంది. ఏడు ఉత్తరాల్లో ఆమె నోరు తెరిచి అడగడం అదే మొదలు.

“చీటీ ఉండగా అదెందుకమ్మా?”

పేజీ తిప్పితే కింద పేరుంది, ఇంటి చిరునామా ఉంది. ఆయన ఆ పాటి శ్రమ కూడా పడలేదు. జవాబు మాత్రం అక్కడికక్కడే చెప్పాడు: ‘పరిశీలించాం. కుదరదు.’

టైపు చేస్తుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. సంతకం అయింది, ముద్ర పడింది. సాయంత్రం కవరు సంచిలో వేసుకుని బస్సెక్కింది. దిగి, సందు మలుపు తిరిగి, మూడంతస్తుల మెట్లెక్కి తలుపు తట్టింది.

తలుపు తీసిన నాన్న, ఆమె అందించిన కవరు విప్పకుండానే అడిగాడు: “ఈసారైనా మీ సారు నా ఉత్తరం మొత్తం చదివారా తల్లీ?”