తొంభై అయిదు చాలు సార్

బళ్ళు తమకు ఏ పెట్రోలు కావాలో తామే నోరు తెరిచి చెప్పే రోజులు వచ్చాక, గౌరినాయుడికి పెద్ద కష్టమే వచ్చిపడింది. తను కొత్తగా కొన్న ఎర్ర స్పోర్ట్స్ కారు ఖరీదైన వంద ఆక్టేన్ పెట్రోలు తప్ప ముట్టదని బావమరిది దామోదర్ దగ్గర గొప్పలు పోయాడు. ఆదివారం ఉదయం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, విశాఖ బీచ్ రోడ్డు బంకులో ఆపి, "వంద కొట్టండి," అన్నాడు దర్జాగా.

కారు ట్యాంకు మూత తెరవలేదు.

"తొంభై అయిదు చాలు సార్. నా ఇంజన్ దానికే చేశారు. వంద పోసినా వేగమేమీ పెరగదు."

"కాస్త మెల్లగా చెప్పొచ్చు కదే!" గౌరినాయుడు స్టీరింగ్ మీదికి వంగి గుసగుసలాడాడు. "ఈ ఒక్కపూటకీ వంద తాగెయ్యే. బావమరిది ముందు పరువు పోతాది."

"తక్కువ రకం తొంభై ఒకటి పోస్తే నా ఇంజన్ కొట్టుకుంటుంది, వద్దంటాను. వంద పోస్తే మీ గుండె కొట్టుకుంటుంది, గొప్పతో. దాంతో నాకేం పని సార్?"

దామోదర్ నవ్వు ఆపుకోలేక సముద్రం వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డ గౌరినాయుడు తొంభై అయిదే కొట్టించి బండి తీశాడు.

భీమిలి దారి ఖాళీగా కనబడగానే కారు ఒక్కసారి గర్జించి దూసుకుపోయింది. దామోదర్ నవ్వు మాయమైంది. రెండు చేతులా సీటు పట్టుకున్నాడు.

"ఓరి నాయనో! తొంభై అయిదుకే ఇలాగెల్తందేటి బావా?"

గౌరినాయుడి వీపు నిటారైంది.

"మరేటనుకున్నావు? మా బండి మితాహారి!" అన్నాడు.