గిజిగాడి ముడి

తుఫాను వెలిసి పది రోజులైంది. చెరువు గట్టున పక్షులన్నీ మళ్ళీ గూళ్ళు కట్టుకుంటున్నాయి, ఒక్క గిజిగాడు తప్ప. వాడు తుమ్మకొమ్మకు గడ్డిపోచతో ముడి వేస్తాడు, కాసేపు దాన్నే చూస్తాడు, విప్పేస్తాడు. మళ్ళీ వేస్తాడు.

చెట్టు కింద కూర్చున్న ఉడుతకు ఇది వింతగా తోచింది. అసలే దానికి అందరి సంగతులూ కావాలి. పొద్దున పీతనడిగింది, ఒక్క బొరియకు అన్ని దారులెందుకని. "నీళ్ళొస్తే పారిపోవద్దూ?" అంది పీత.

ఇప్పుడు మెడ ఎత్తి గిజిగాణ్ణి అడిగింది. "ఏం తమ్ముడూ, వేసిన ముడి ఎందుకు విప్పుతున్నావు?"

"నిలుస్తుందన్న నమ్మకం కుదరడం లేదక్కా. పోయిన గూడు కూడా గట్టిగానే కట్టాను."

"తుఫాను ఎప్పుడో పోయిందిగా! ఇంకా భయమేంటి, విడ్డూరం కాకపోతే!"

"నిజమేలే. మరి ఇదివరకు నా పక్క కొమ్మ మీద కూర్చుని కబుర్లు చెప్పేదానివి. పది రోజులుగా కిందనుంచే అరుస్తున్నావేం?"

ఉడుత తన కాళ్ళవంక చూసుకుంది. నాలుగూ నేలను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ సంగతి దానికే ఇంతవరకూ తెలియదు. చాలాసేపటికి ఒక కాలు తీసి చెట్టు మాను మీద వేసింది.

"తమ్ముడూ, ఆ ముడి మాత్రం విప్పకు. దాని దాకా వస్తాను."