ఆయన గాలాలు

“నా వెండి చెంచాలు తీసెయ్. ఆయన గాలాలు మాత్రం ఉండాల్సిందే,” అంది ఎల్మా, కాఫీ పోస్తూ.

ఇన్సూరెన్స్ చెయ్యాల్సిన సామాను జాబితా రాస్తున్న కర్టిస్ పెన్ను ఆపాడు. డులూత్‌లో సగం ఊరికి ఇన్సూరెన్స్ చేసిన మనిషి. సొంత చెంచాలకన్నా మొగుడి గాలాలు ఎక్కువనుకునే ఆవిడని ఇప్పుడే చూస్తున్నాడు. అందులోనూ ఆ మొగుడు ఆర్విడ్ పోయి నాలుగేళ్ళు. గోడమీది ఫోటోలో బో టై కట్టుకుని, గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేలా నిలబడి ఉన్నాడు పాపం.

“ఎల్మా గారూ, గోడలూ కప్పూ బిల్డింగ్ అసోసియేషన్ పాలసీ చూసుకుంటుంది. లోపలి సామాను మీది. పెన్షన్ మీద బతుకుతున్నారు, ప్రీమియమా పెరిగింది. తగ్గించమని పిలిచారనుకుంటే పెంచమంటారేమిటి?”

“పెంచమనే పిలిచా. చలికాలం చేపలకోసం సరస్సుమీది మంచుకి కన్నం పెట్టే మిషను రాశావా? ఆయన వాయించే అకార్డియన్?”

“పాత వస్తువుకి పాత ధర ఇచ్చే పాలసీ తీసుకోండి. చవకలో పోతుంది.”

“పాత ధరా! ఆ గాలానికి పడ్డ చేప సంగతి తెలుసా నీకు? పడవని సరస్సంతా ఊరేగించింది. తీరా ఒడ్డుకి లాగితే సరస్సు జానెడు కిందికి దిగిపోయింది. కొత్తది కొనుక్కునేంత రావాలబ్బాయ్!”

కర్టిస్ నవ్వాపుకుని మళ్ళీ ఫోటో చూశాడు. బ్యాంకులో కుర్చీ కదలకుండా బతుకంతా గడిపిన బక్కప్రాణి! అంత చేపని పట్టాడంటే ఎవరనుకుంటారు? గుమ్మం పక్కన పడవలంతేసి బూట్లు, నిన్నే పాలిష్ చేసినట్టు మెరుస్తున్నాయి.

గోడలో నీళ్ళు జోరుగా పారుతున్న చప్పుడు. కర్టిస్‌లోని ఏజెంటు లేచి కూర్చున్నాడు.

“విన్నారా? పై ఫ్లాటువాళ్ళ పైపు! అది పగిలిందంటే మీ సామానంతా ఈత కొడుతుంది. నీళ్ళ నష్టం కూడా కలుపుదాం.”

“కలుపు. ఆయనకి నీళ్ళంటే మహా ఇష్టం,” ముసిముసిగా నవ్వింది ఎల్మా.

కర్టిస్ కళ్ళు చెమర్చాయి. తను పోతే, తన గోల్ఫ్ కర్రల్ని ఇంటావిడ ఆ సాయంత్రమే అమ్మేస్తుంది. ఇదీ కాపురమంటే!

“మీలాంటి మనిషిని నేనింతవరకూ...”

“ఏడవకు. కాఫీ ఉప్పగా అయిపోతుంది.”

తన చేతిలో ఉన్న తగ్గింపులన్నీ వేశాడు కర్టిస్. గాలాలూ నిలిచాయి, చెంచాలూ నిలిచాయి. ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది. ఎలా అడగాలో తెలియక గొంతు తగ్గించాడు.

“ఏమీ అనుకోకండి, రూలు కాబట్టి అడుగుతున్నా. ఈ ఇంట్లో ఉండేవాళ్ళ సామానుకే పాలసీ. మీ పేరొక్కటే కదా?”

“అసలు నిన్ను పిలిచిందే అందుకు,” అంది ఎల్మా. ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి.

నీళ్ళ చప్పుడు ఆగింది. వంటింటి పక్కనున్న స్నానాలగది తలుపు ఓరగా తెరుచుకుంది. లోపలినుంచి ఉరుములాంటి గొంతు వినిపించింది.

“ఎల్మా, నా తువాలెక్కడ?”