నూట పన్నెండో బిళ్ల

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు గుమాస్తా జగన్నాధం, తల ఎత్తకుండానే.

పని చేస్తూ దెబ్బతిన్న కార్మికుల నష్టపరిహారాలు విచారించే ఆఫీసు అది. ఎర్రన్న ఆ మెట్లెక్కడం పద్నాలుగోసారి. తోడొచ్చిన బావమరిది గంగులు ఎప్పటిలాగే గేటు బయట, ముసురులో, గళ్ళ దుప్పటి కప్పుకుని ఉండిపోయాడు. వాణ్ణి ఎర్రన్న ఎన్నడూ లోపలికి రానివ్వలేదు.

కుడిచేతికి మోచేతి దాకా తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు ఎర్రన్న. ఎడంచేత్తో గుడ్డసంచి ముడి రాకపోతే పళ్ళతో లాగి, కాగితాలు బల్లమీద పెట్టాడు.

"రమ్మన్నారు, వచ్చినాను బాబూ. పోయిన్నెలా రమ్మన్నారు. రామతీర్థం బస్సు కండక్టరు నన్ను సూసి, ఏ ఊరికని అడగడం కూడా మానేసినాడు."

జరిగింది చిన్న సంగతి కాదు. అరవై ఏడు శ్రావణంలో, జూట్ మిల్లులో, గోగునారను మెత్తపరిచే రోలర్ల మధ్య కుడిచెయ్యి పడింది. మణికట్టు దాకా పోయింది. పెద్దాసుపత్రికి మోసుకుపోయేసరికి స్పృహ లేదు. మొలతాడుకు కట్టిన మిల్లు హాజరు బిళ్ల, ఆ ఇత్తడి బిళ్ల మీది నంబరును బట్టి ఆసుపత్రివారు పేరు రాసుకున్నారు: నూట పన్నెండు, ఎర్రన్న.

ఆ రోజు తర్వాత ఎర్రన్న మిల్లు గేటు దాటి లోపలికి పోలేదు. తొమ్మిదేళ్ళ ఉద్యోగం అంతటితో సరి. పరిహారం వస్తే రామతీర్థం కొండమెట్ల దగ్గర బడ్డీ ఒకటి పెట్టించాలన్నది అతని ఆశ. అగరొత్తులూ కొబ్బరికాయలూ అమ్ముకోవడానికి ఒక చెయ్యి చాలు. అది లేకపోతే మిగిలేది అడుక్కోవడమే. అందుకే ప్రతిసారీ బయలుదేరేముందు భార్య జగ్గమ్మ వాకిట్లో అడ్డం నిలబడేది.

"ఈపాలి ఉత్తసేతుల్తో రాకు, సెప్తన్నాను!"

ప్రతిసారీ ఉత్తచేతులతోనే తిరిగివెళ్ళాడు. మొదటిసారి డాక్టరు సర్టిఫికెట్టు మీద ముద్ర సరిగా పడలేదన్నారు. ముద్ర వేయించుకొస్తే ఆఫీసరుగారు క్యాంపులో ఉన్నారు. తర్వాత మూడు ప్రతులు కావాలన్నారు. మూడూ తెచ్చేసరికి ఫారం మారింది. నాలుగు నెలలపాటు ఫైలే కనిపించలేదు. కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా దాన్నే అడ్డం పెట్టారని చివరికి ప్యూను కనిపెట్టాడు. సర్టిఫికెట్టును వెలుతురుకు పట్టి చూశారు, వెనక్కి తిప్పి చూశారు. పద్నాలుగు నెలల్లో 'ఏదీ, చెయ్యి చూపించు' అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

అన్నిటినీ మించినది మిల్లువారి జవాబు. క్రితంసారి వచ్చినప్పుడు జగన్నాధం దాన్ని చదివి వినిపించాడు. ఆనాడు ఎర్రన్న మిల్లులోనే లేడట, తన మడిలో వరినాట్లు వేయిస్తూ, ఉడుపుల పనిలో ఉన్నాడట.

ఎర్రన్నకు ఒళ్ళు మండింది.

"ఆజరు పట్టీలో నా బిళ్ల పడినాది గదా బాబూ! పని సేసినంతసేపూ మనిసి ఉన్నాడు, సెయ్యి పోయేసరికి మనిసే నేడంతారా?"

"ఉడుపులొస్తే మీ ఊళ్ళవాళ్ళు బిళ్ల ఇంకొకడికిచ్చి పంపుతారని విన్నాం."

"అలగైతే ఆ ఇంకొకడెవడో మిల్లోల్లనే కాగితం మీద రాసిమ్మనండి. రాస్తారేటి?"

"చెయ్యి పోయినా నీ నోరు పోలేదురా!"

"నోరు కూడా ఆ మిసన్లో పెట్టమంతారేటి బాబూ?"

ప్యూను కిసుక్కున నవ్వాడు. జగన్నాధం మాత్రం ఆ మాటను ఫైలు అంచున రాసుకున్నాడు. ఆఫీసరుగారు దాన్నే మిల్లువారిని అడిగారు: ఎర్రన్న కాకపోతే, ఆ యంత్రం దగ్గర ఉన్నదెవరు? పట్టీలో పేరు లేని మనిషిని యంత్రం ముందు నిలబెట్టామని ఏ మిల్లూ రాసివ్వదు. ఆ సంగతి ఎర్రన్నకు తెలుసు.

ఇవాళ జగన్నాధం ఫైలు తాడు విప్పాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఒక్కొక్క కాగితమే తిరగేశాడు. ఎర్రన్న ఆ కాగితాలనే చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ ఏ ముద్ర తక్కువైందో!

"ఆఫీసరుగారి ప్రశ్నకు మిల్లువారు గడువులోగా జవాబివ్వలేదు. ఆర్డరు నీ పక్షానే వచ్చింది. సొమ్ము కూడా ఇక్కడ జమ చేశారు."

ఎర్రన్న బల్లకు దగ్గరగా వంగాడు.

"నిజఁవేనా బాబూ?"

"అబద్ధమాడటానికి నాకు జీతమివ్వటం లేదు. సంతకం ఎలాగూ పెట్టలేవు. ఎడం బొటనవేలు ఇలా తే."

జగన్నాధం తల ఎత్తకుండానే వేలు పట్టుకుని సిరాలో అద్ది, మూడు ప్రతుల మీదా నొక్కించాడు. లెక్కపెట్టి ఇచ్చిన నోట్ల కట్టను ఎర్రన్న గుడ్డసంచిలో వేసుకుని, సంచిని గుండెకు హత్తుకుని మెట్లు దిగాడు.

గేటు దగ్గర గంగులు ఎదురొచ్చాడు.

"ఏటయినాది బావా? ఈపాలీ రేపు రమ్మన్నారా?"

"నడవరా, నడు."

సందు మలుపు తిరిగేదాకా ఎర్రన్న ఆగలేదు. అటూ ఇటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరు.

అప్పుడు తువ్వాలు విప్పి పారేసి, అయిదు వేళ్ళూ చెక్కుచెదరని కుడిచేత్తో ఆ కట్టను బయటికి తీసి, గంగులు కప్పుకున్న దుప్పటి తొలగించి, మణికట్టు దగ్గరే ముగిసిపోయిన వాడి చేతికింద, చంకలో, భద్రంగా ఇరికించాడు.