అమ్ముడుపోని నూనె

తన నేలలోని నూనెను తానే అమ్ముకోలేని దేశం ఎట్లా బతుకుతుంది? మగ్గం ముందు కూర్చుని కుళ్ళాయప్ప తనను తానే అడిగాడు. ఇరాన్ వాళ్లు ఇంగ్లీషు చమురు కంపెనీని వెళ్లగొట్టారనీ, ఇంగ్లీషువాళ్లు అడ్డుపడడంతో కొనేవాళ్లు లేక నూనె తొట్లలోనే నిలిచిపోయిందనీ పొద్దున పేపర్లో చదివి భార్యకూ చెప్పాడు.

"ఏమప్పా, ఇంకా యోచనేనా?" పట్టుచీరల వ్యాపారి వెంకటాచలం శెట్టి తొందరపెట్టాడు. "మగ్గం నీదే, నేతా నీదే. పువ్వులు తేల్చే ఆ జాల ఒక్కటి మా ఇంట్లో పెట్టు. చీరలన్నీ నేనే కొంటా."

జాల అనే ఆ దారాల కట్టును కుళ్ళాయప్ప నాయన రెండేళ్లు కూర్చుని ముడివేశాడు. అది లేకుంటే అంచున పువ్వు పుట్టదు.

"ఇయ్యకుంటే?"

"ధర్మవరంలో నీ చీర ఎవడూ ముట్టడు."

"మా పొయ్యి గూడా ఎత్తుకపోండి శెట్టిగారూ, వంటకు నేనే వస్తా," అంది అలివేలమ్మ. తర్వాత భర్తవైపు తిరిగింది. "ఆ ఇరానోళ్లు కంపెనీని మళ్లా పిల్చినారా?"

"లేదు."

"నూనె అమ్ముడుపోలేదంటివే?"

"పోలేదు. అయినా అది వాళ్ల తొట్లలోనే ఉండాది."

ఆ మాట అన్నాకే దాని బరువు అతనికి తెలిసింది. లేచి, నేసిన రెండు చీరలూ మూటగట్టాడు.

"ఇవి అమ్మేదానికి హిందూపురం పోతాండా. జాల ఎవరికీ ఇయ్యొద్దు," అని భార్యకు చెప్పి, శెట్టిని దాటుకుని స్టేషను దారి పట్టాడు.