రెండో పిలుపు

కెనడాలో రాజగోపాల్ చేతిలో ఉన్నవి రెండే: రెజైనాలో ఒక పచారీ కొట్టు, ఒటావాలో ఒక సెనేటర్ దగ్గర పనిచేసే కొడుకు. కొట్టుతో ఏం చేయాలో ఆయనకు తెలుసు. కొడుకుతో పని ఈ రోజే పడింది.

“మీ మేడమ్‌తో ఒక మాట చెప్పరా, బన్నీ,” అన్నాడు ఫోన్‌లో. “మన కొట్లో పనిచేసే సాత్విక కోర్సుని కాలేజీవాళ్ళు మధ్యలో మూసేశారు. స్టూడెంట్ పర్మిట్ అయిపోవస్తోంది. ఆ పిల్ల వెళ్ళిపోతే నాకు...” ఆగి, మాట సర్దుకున్నాడు. “కొట్టుకి ఇబ్బంది.”

“సెనేటర్ వీసాలివ్వదు నాన్నా,” అన్నాడు బన్నీ. రెజైనాలోనే పుట్టిన బన్నీ తెలుగు వింటాడు, ఇంగ్లీషులో జవాబిస్తాడు. “కానీ అలాంటి స్టూడెంట్లకి ఇంకో ఏడాది ఇవ్వాలని బిల్లుకి సవరణ పెడుతోంది. సభలో చెప్పడానికి నిజమైన మనిషి మాట కావాలి. జనం కోసం ఫోన్ లైన్ పెట్టాం. సాత్వికని వాయిస్ మెసేజ్ పెట్టమను. తెలుగైతే నేనే ట్రాన్స్‌లేట్ చేస్తా.”

“ఆవిడ ప్రభుత్వం కూర్చోబెట్టిన మనిషి, ఎవరూ ఓట్లేసి ఎన్నుకోలేదుగా. మన మాట ఎందుకు వింటుంది?”

“ఓట్లతో పనిలేదు కాబట్టే తీరిగ్గా వింటుంది.”

ఆ లెక్క రాజగోపాల్‌కు అర్థం కాలేదు గానీ, బేరం నచ్చింది.

విద్యార్థులు వెల్లువలా వచ్చిన రోజుల్లో ఆయన కొట్లో నిలబడే చోటుండేది కాదు. ఇప్పుడు కొత్తవాళ్ళు రావడం తగ్గింది. సోనామసూరి బస్తాలు గోడవారన పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. భార్య శాంత పోయాక ఇంట్లో తెలుగు వినబడడం మానేసింది. “తిన్నరా అంకుల్?” అని అడిగే మనిషి సాత్విక ఒక్కతే.

శాంత పోయిన కొత్తలో బన్నీ ఫోన్ చేసి, ఒటావా వచ్చెయ్యమన్నాడు. మొదటి మాటకే సరేననడం వ్యాపారికి చేతకాదు. పిలవగానే బయల్దేరితే ఎప్పుడు పిలుస్తారా అని కాచుకున్నట్టుంటుంది. రెండోసారి అడగనీ, చూద్దాం అనుకుని, కొట్టు కబుర్లేవో చెప్పి, ఉంటా మరి అని ఫోన్ పెట్టేశాడు. బన్నీ రెండోసారి అడగలేదు. మర్యాదకి పిలిచాడు, తీరిపోయింది అని రాజగోపాల్ ఆ ఖాతా మూసేశాడు.

సాత్విక మొదట ఒప్పుకోలేదు. ఆమెది నల్గొండ.

“నాకెందుకంకుల్ ఇవన్నీ? నా మాటలు ఆమెకేం సమజైతయి?”

“కడుపులో ఉన్నది తెలుగులోనే చెప్పమ్మా. మావాడు ఇంగ్లీషులోకి మారుస్తాడు.”

“బన్నీ అన్నకు తెలుగొస్తదా?”

“వస్తుంది. నాతో వాడడు, అంతే.”

ఆమె నవ్వి, ఫోన్ తీసుకుని సామాన్ల గదిలోకి వెళ్ళింది. బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“అంతా చెప్పావా?”

“చెప్పిన అంకుల్. మనసు తేలికైంది.”

రాజగోపాల్ దాన్ని లాభం కింద వేసుకున్నాడు.

ఆ తర్వాతి వారం సెనేటర్ సభలో మాట్లాడింది. బన్నీ ఆ వీడియో పంపాడు. “మా రెజైనా విద్యార్థిని ఒకామె నాకు మెసేజ్ పెట్టింది,” అంటోంది ఆవిడ. “మూసేసిన కోర్సు గురించి, బేస్‌మెంట్ గది గురించి, మాట్లాడే మనిషి లేకపోవడం గురించి చెప్పింది. ఏ సాయమూ అడగలేదు. చివరికి ఒక్క మాట అంది: ఐ విల్ స్టే. ఇన్ని పడి కూడా ఉంటానన్న మనిషికి మనం తలుపు మూస్తామా?”

సభ్యులు లేచి నిలబడ్డారు. సవరణ సెనేట్‌లో నెగ్గింది. సెనేటర్ నుంచి ఇంటింటికీ వెళ్ళే వార్తాపత్రికకి కూడా ఆ మాటే శీర్షిక అని బన్నీ చెప్పాడు.

రాజగోపాల్ అల్లం వేసి టీ పెట్టాడు, రెండు కప్పులు. కొట్టు తలుపు తెరుచుకుంది. వచ్చింది సాత్విక కాదు, ఆమె రూమ్మేట్ భవిత. కొట్టు తాళంచెవి కౌంటర్ మీద పెట్టింది.

“సాత్విక ఇంటికెళ్ళిపోయింది అంకుల్. పొద్దున ఫ్లైట్. మీ మొహం చూసి చెప్పలేనంది.”

“బిల్లు సంగతి తెలీదా?”

“తెలుసు. వీడియో కూడా చూసింది. నేనట్లా అనలేదే, అని నవ్వింది.”

టీ చల్లారిపోయింది. భవిత వెళ్ళాక రాజగోపాల్ ఒటావాకి ఫోన్ చేశాడు.

“ఆ పిల్ల వెళ్ళిపోయిందిరా. ఉంటానని అసలు అనలేదట.”

“అంది నాన్నా. నేనే కదా ట్రాన్స్‌లేట్ చేసింది. రికార్డింగ్ ఉంది, విను.”

సాత్విక గొంతు వినబడింది. “పండగ పూట గూడ ఒక్కదాన్నే తిన్న మేడమ్. ఎవరన్న వింటరంటే చెప్పాలనిపించింది. గంతే. ఇగ ఉంటా మేడమ్.”

“విన్నావా? ఉంటా. ఐ విల్ స్టే.”

రాజగోపాల్ స్టూలు మీద కూలబడ్డాడు. “ఒరేయ్, ఫోన్ పెట్టేముందు ఉంటా అంటే ఉండిపోతానని కాదురా. వెళ్తున్నానని. మీరు బై అంటారే, అది.”

అవతల బన్నీ రికార్డింగ్‌లో ఆ చివరి మాట మళ్ళీ వేసుకుని విన్నాడు. వార్తాపత్రిక గురించి బెంగపడుతున్నాడనుకున్నాడు రాజగోపాల్.

“అచ్చు ఆపించొచ్చులే. కంగారుపడకు.”

“అది కాదు,” అన్నాడు బన్నీ. తర్వాతి మాట తెలుగులో, కూడబలుక్కుంటూ వచ్చింది.

“నేను ఒటావా రమ్మన్నప్పుడు నువ్వూ అదే అన్నావు, నాన్నా.”