వదిలేసిన మార్పు

ఫైల్లో చేసిన మార్పులను ప్రోగ్రామ్ ఒక్కొక్కటిగా చూపించి, మార్పులను భద్రపరిచే చరిత్రలోకి ఎక్కించాలా వద్దా అని అడగాలి. బెర్గెన్ ఆఫీసులో ఇంగ్విల్డ్, ఆమె భర్త టూర్యే దాన్నే పరీక్షిస్తున్నారు. నమూనా ఫైలు వేసవిలో ఇద్దరూ నవ్వుకుంటూ రాసుకున్నదే: ఇంటి తలుపు మీద పెట్టబోయే పేర్లు.

తెర మీద మొదట తన పేరే, ఇంగ్విల్డ్. అవునని కొట్టింది. టూర్యే. అవునని కొట్టింది.

సున్నివా, అప్పుడు కడుపులో ఉన్న పాపకు అనుకున్న పేరు. ఆమె వేలు ఆగిపోయింది.

"పరీక్షకి ఒక్కదాన్నయినా వద్దనాలి కదా," అన్నాడతను మెల్లగా.

"నీ పేరే వద్దనాల్సింది. నువ్వే కొట్టు, నా వల్ల కాదు."

అతను కొట్టాడు. టెస్టు పాసైంది.

"చెరిపేసిందా?"

"లేదే. చరిత్రలోకి ఎక్కలేదంతే. ఫైల్లో అలాగే ఉంది."

ఆమె తెర మీది ఆ పేరును వేలితో తాకింది.

"అయితే ఇంట్లో ఆ ఖాళీ ఉయ్యాల విప్పకు, టూర్యే. అదీ అలాగే ఉండనీ."